ఇచ్చిన అక్షరాలతో ఇంగ్లిష్ పదాలను పట్టుకోవడం: పోటీ పరీక్షల అభ్యర్థులకు ఒక పద్ధతి

బ్యాంకు ఉద్యోగాల రాత పరీక్షలకు సాధన చేసేవారందరికీ రీజనింగ్ విభాగంలోని ఒక రకం ప్రశ్న బాగా పరిచయం. ఒక పొడవాటి ఇంగ్లిష్ పదం ఇస్తారు. అందులో మొదటి, మూడో, ఆరో, తొమ్మిదో అక్షరాలను తీసుకుని, ఒక్కోదాన్ని ఒక్కసారే వాడుతూ అర్థవంతమైన పదాలు కట్టమంటారు. అలాంటి పదం ఒక్కటే ఏర్పడితే దానిలోని మూడో అక్షరం జవాబు, ఒకటికి మించి ఏర్పడితే ఎమ్ జవాబు, ఏదీ ఏర్పడకపోతే ఎక్స్ జవాబు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షల్లో దీన్నే తిరగేసి, ఇచ్చిన పదంలోని అక్షరాలతో కింది నాలుగింటిలో ఏది ఏర్పడదో గుర్తించమంటారు. నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ గ్రంథాలయాల్లో పొద్దస్తమానం కూర్చుని చదువుకునే మన పిల్లలు, ముఖ్యంగా పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చినవారు, లెక్కల్లో, నంబర్ సిరీస్‌లో ఎంత చురుగ్గా ఉన్నా, ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లిష్ మనకు రాదు కదా అనుకుని దాన్ని వదిలేసి ముందుకు పోవడం చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. ఈ ప్రశ్నకు ఇంగ్లిష్ మాట్లాడగలగడం అక్కర్లేదు. ఇంగ్లిష్ పదాల్లో ఏ అక్షరం పక్కన ఏది నిలుస్తుందో, ఏది నిలవదో తెలిస్తే చాలు. అది నేర్చుకోగలిగిన విషయమే, పెద్దగా కాలం పట్టేదీ కాదు.

వదిలేయని వారిలో చాలామంది చేసే పని అక్షరాలను వరసగా తారుమారు చేసి చూడటం. మూడు అక్షరాలకు 6 అమరికలే కాబట్టి అక్కడ ఇది పనికొస్తుంది. నాలుగింటికి 24, ఐదింటికి 120, ఆరింటికి 720, ఏడింటికి 5040 అమరికలు ఉంటాయి. పరీక్షలో అంత సమయం ఎవరికీ ఉండదు. పైగా ఇలా తారుమారు చేసేవారు ఒక పదం తగలగానే సంతోషించి ఆగిపోతారు. ప్రశ్న అడిగినవారు కాచుకుని ఉండేది సరిగ్గా అక్కడే. మొదటి పదం దొరకడం ఈ ప్రశ్నలో సగం పనే. రెండో పదం ఉందో లేదో తేల్చుకోవడమే అసలు పని, నేను కింద చెప్పబోయేదంతా దాని కోసమే.

కాగితం మీద మొదట చేయవలసింది

అక్షరాలను ప్రశ్నలో వచ్చిన క్రమంలో పక్కపక్కన రాయకండి. అలా రాస్తే కన్ను ఆ క్రమానికే అలవాటు పడి, ఎంతసేపు చూసినా కొత్త అమరిక కనిపించదు. రఫ్ కాగితం మీద అచ్చులను మధ్యలో రాసి, హల్లులను వాటి చుట్టూ గుండ్రంగా రాయండి. ఇంగ్లిష్‌లో అచ్చులు ఎ, ఇ, ఐ, ఓ, యు అనే ఐదే. వై అక్షరాన్ని మాత్రం రెండు వైపులా లెక్కపెట్టుకోవాలి, ఎందుకంటే ‘యెస్’ అనే మాటలో అది హల్లుగా ఉంటుంది గానీ ‘జిమ్’, ‘మిత్’, ‘రిథమ్’ లాంటి మాటల స్పెల్లింగ్‌లో అచ్చు చేయవలసిన పనంతా అదే చేస్తుంది. ఇచ్చిన నాలుగు అక్షరాల్లో అచ్చూ లేక, వై కూడా లేకపోతే ఇంకేమీ ఆలోచించకుండా ఎక్స్ గుర్తించవచ్చు.

ఇప్పుడు నల్లగొండనే ఉదాహరణగా తీసుకుని చూద్దాం. బోర్డుల మీద ఇంగ్లిష్‌లో రాసే స్పెల్లింగ్ ఎన్-ఎ-ఎల్-జి-ఓ-ఎన్-డి-ఎ, మొత్తం ఎనిమిది అక్షరాలు. వీటిలో మూడో, నాలుగో, ఐదో, ఏడో అక్షరాలను తీయమన్నారనుకోండి. చేతికి వచ్చేవి ఎల్, జి, ఓ, డి. అచ్చు ఒక్కటే ఉంది కాబట్టి అది ఎక్కడ నిలబడుతుందన్నదే ప్రశ్న, దానికి నాలుగే చోట్లు ఉన్నాయి. ఓ రెండో చోట ఉంటే దాని వెనుక రెండు హల్లులు రావాలి, ఆ రెండూ కలిసి పదాన్ని ముగించగలగాలి. ఎల్-డి అలా ముగించగలదు, ‘కోల్డ్’, ‘చైల్డ్’ అనే మాటలు అందుకు సాక్ష్యం. ఎల్-జి ముగించలేదు. డి-జి కూడా చివర ఇ తోడు లేకుండా నిలవలేదు, ‘బ్రిడ్జ్’ స్పెల్లింగ్ గుర్తు చేసుకుంటే ఆ సంగతి తెలుస్తుంది. కాబట్టి ముందు జి, తర్వాత ఓ, చివర ఎల్-డి పెడితే ‘గోల్డ్’ వచ్చింది. ఇక్కడ ఆగకూడదు. ఓ మూడో చోట ఉంటే ముందు రెండు హల్లులు పదాన్ని మొదలుపెట్టగలగాలి. ఆ పని చేయగలిగేది ‘గ్లాస్’లో ఉన్న జి-ఎల్ ఒక్కటే, దాని తర్వాత ఓ-డి చేరిస్తే పదం కాదు. ఓ మొదట్లో ఉంటే వెనుక మూడు హల్లులు ముగింపుగా రావాలి, అది కుదరదు. చివర ఉంటే ముందు మూడు హల్లులు రావాలి, ఇంగ్లిష్‌లో మూడు హల్లులతో మొదలయ్యే మాటలు ‘స్ప్రింగ్’, ‘స్ట్రీట్’ లాగా ఎస్‌తోనో, ‘త్రో’ లాగా టి-హెచ్-ఆర్ వంటి కలయికతోనో మొదలవుతాయి తప్ప ఎల్, జి, డిలతో కావు. ఇరవై నాలుగు అమరికలనూ నాలుగు చిన్న ప్రశ్నలతో పరిశీలించేశాము, ఒక్క పదమే ఉందని తేలింది, జవాబు ఎల్. రాసేటప్పుడు ఇంత పొడవుగా అనిపించినా, అలవాటైన తర్వాత కంటితో చూస్తూనే ఇది జరిగిపోతుంది.

ఏ జంట ఎక్కడ నిలుస్తుంది

పై ఉదాహరణలో పని చేసినదంతా హల్లుల జంటల గురించిన తెలివిడే కాబట్టి దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. ఎన్-డి, ఎన్-జి, ఎన్-టి, ఎన్-కె, ఎల్-డి, ఎల్-టి, ఆర్-డి, ఆర్-టి, ఎమ్-పి, సి-కె అనే జంటలు పదం చివర వస్తాయే గానీ సాధారణంగా మొదట రావు. బి-ఆర్, బి-ఎల్, సి-ఎల్, సి-ఆర్, డి-ఆర్, ఎఫ్-ఎల్, జి-ఆర్, పి-ఎల్, పి-ఆర్, టి-ఆర్ వంటివి మొదట వస్తాయి, చివర రావు. ఎస్-టి, ఎస్-పి, ఎస్-కె, సి-హెచ్, ఎస్-హెచ్, టి-హెచ్ అనేవి రెండు చోట్లా వస్తాయి. అందుకే ఎస్ ఉన్న గుంపుల్లో సాధారణంగా ఎక్కువ పదాలు దొరుకుతాయి. క్యూ వస్తే దాని వెనుక యు ఉందేమో చూడండి, అది లేకపోతే పరీక్ష స్థాయి పదమేదీ ఏర్పడదు. వి, జె అనే అక్షరాలు చివర నిలవవు. వి చివరికి రావాలంటే ‘హావ్’, ‘గివ్’, ‘లవ్’ అనే మాటల్లో లాగా దాని వెనుక ఇ ఉండాలి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవారు ప్రత్యేకంగా జాగ్రత్తపడవలసిన చోటు ఇక్కడ ఉంది. మనం రాసినదాన్ని రాసినట్టే చదవడానికి అలవాటుపడ్డవాళ్లం. అందువల్ల అక్షరాలు చూడగానే వాటిని పలికి చూస్తాము, పలకడానికి వీలుకాకపోతే పదం లేదని తీర్మానించుకుంటాము. జి, హెచ్, ఐ, ఎన్, టి అనే ఐదు అక్షరాలనే చూడండి. వాటిని పలుకుతూ కూర్చుంటే ఏమీ తట్టదు. జంటలుగా, ముక్కలుగా చూస్తే సంగతి వేరు. జి-హెచ్-టి అనే ముక్క పదం చివర వస్తుందని తెలిస్తే ముందు ఎన్-ఐ చేర్చి ‘నైట్’ అనవచ్చు. టి-హెచ్ మొదట వస్తుందని తెలిస్తే, మిగిలిన ఐ-ఎన్-జి చేర్చి ‘థింగ్’ అనవచ్చు. రెండు పదాలూ అందరికీ చిన్నప్పటి నుంచి తెలిసినవే, తెలియనిది అక్షరాల్లోంచి వాటిని బయటికి తీసే దారి మాత్రమే. అలాగే ‘నైఫ్’ మొదట్లో కె-ఎన్, ‘రైట్’ అంటే రాయడం అనే మాట మొదట్లో డబ్ల్యు-ఆర్, ‘ల్యామ్’ అంటే గొర్రెపిల్ల అనే మాట చివర ఎమ్-బి ఉంటాయి. ఇవి చెవికి వినపడవు. కాబట్టి కంటితో గుర్తుపట్టడం అలవాటు చేసుకోవాలి.

అచ్చుల విషయంలో రెండు మార్గాలు ముఖ్యం. గుంపులో రెండు అచ్చులు, రెండు హల్లులు ఉండి, ఆ అచ్చుల్లో ఒకటి ఇ అయితే, ముందు ఆ ఇని తీసుకెళ్లి చివర పెట్టండి. ‘నేమ్’, ‘నోట్’, ‘టైమ్’, ‘లైన్’ అన్నీ ఆ మూసలో పోసినవే. ఆ తర్వాత రెండు అచ్చులనూ కలిపి చూడండి, ఇ-ఎ, ఓ-ఎ, ఎ-ఐ, ఓ-యు అనే జంటలు ఇంగ్లిష్‌లో విరివిగా వస్తాయి. ఎ, ఇ, ఆర్, టి అనే నాలుగు అక్షరాలకు ఈ రెండు మార్గాలనూ వాడితే, ఇ చివర పెట్టినప్పుడు ‘రేట్’ వస్తుంది, ఇ-ఎ కలిపినప్పుడు కన్నీరు అనే అర్థంలో ‘టియర్’ వస్తుంది. ఎ, ఇ, ఎమ్, టి ఇస్తే ‘మేట్’, ‘టేమ్’ ఒక దారిలో, ‘టీమ్’, మాంసం అనే అర్థంలో ‘మీట్’ ఇంకో దారిలో వస్తాయి. ఇ, ఐ, ఎమ్, టి ఇస్తే ‘టైమ్’ అందరికీ తడుతుంది గానీ ‘ఐటెమ్’ చాలామందికి తట్టదు, ఎందుకంటే అది అచ్చుతో మొదలవుతుంది. అచ్చుతో మొదలయ్యే పదాలను మన కన్ను తరచు దాటేస్తుంది. చివరగా ఒక్కసారి ప్రతి అచ్చునూ మొదట పెట్టి చూడడం అందుకే అవసరం.

రెండో పదాన్ని వెతకడం

ఒక పదం దొరికిన వెంటనే దాన్నే పట్టుకుని చేయదగిన పరీక్షలు మూడున్నాయి. మొదటిది, పదం ఎస్‌తో మొదలైతే ఆ ఎస్‌ను తీసి చివర పెట్టడం. బహువచనం ఎస్‌తో ముగుస్తుంది కాబట్టి ఇది చాలాసార్లు ఫలిస్తుంది. ‘స్టాప్’ తీసుకుంటే ‘టాప్స్’, ‘స్పాట్’ తీసుకుంటే ‘పాట్స్’, ‘స్మైల్’ తీసుకుంటే ‘మైల్స్’, కత్తి అనే అర్థంలోని ఎస్-డబ్ల్యు-ఓ-ఆర్-డి తీసుకుంటే ‘వర్డ్స్’ వస్తాయి. నిజానికి ఓ, పి, ఎస్, టి అనే నాలుగు అక్షరాల్లో ‘స్టాప్’, ‘స్పాట్’, ‘పోస్ట్’, ‘పాట్స్’, ‘టాప్స్’, ‘ఆప్ట్స్’ అని ఆరు పదాలు ఉన్నాయి. రెండోది, పదాన్ని వెనుక నుంచి చదవడం. ‘నెట్’ వెనుక నుంచి ‘టెన్’, ‘పార్ట్’ వెనుక నుంచి ‘ట్రాప్’, ‘స్టెప్’ వెనుక నుంచి ‘పెట్స్’, ‘లివ్’ వెనుక నుంచి ‘ఈవిల్’ అవుతాయి. మూడోది, మొదటి అక్షరాన్ని తీసి చివర చేర్చుతూ పదాన్ని గుండ్రంగా తిప్పడం. టి-ఇ-ఎ అంటే ‘టీ’, దాన్ని ఒక అక్షరం తిప్పితే ఇ-ఎ-టి ‘ఈట్’, మరోసారి తిప్పితే ఎ-టి-ఇ, అంటే ‘ఈట్’ భూతకాలం. ఈ మూడు పరీక్షల్లోనూ ఏదీ దొరకకపోతే, పైన గోల్డ్ విషయంలో చేసినట్టు అచ్చు చోట్లను ఒక్కొక్కటిగా తేల్చుకుని అప్పుడు జవాబు పెట్టండి.

ఏ అక్షరాలు ఇస్తే ఎక్కువ పదాలు రావచ్చో ముందే అంచనా వేయగలిగితే ఎంత శ్రద్ధగా వెతకాలో తెలుస్తుంది. అక్షరాల బిళ్లలతో పదాలు కట్టే స్క్రాబుల్ ఆటను 1930లలో తయారుచేసిన అమెరికన్ ఆల్‌ఫ్రెడ్ బట్స్, ఏ అక్షరానికి ఎన్ని బిళ్లలు పెట్టాలో నిర్ణయించడానికి పత్రికల్లో అక్షరాలు ఎన్నిసార్లు వస్తున్నాయో లెక్కపెట్టాడు. ఇంగ్లిష్ ఆటలోని 100 బిళ్లల్లో ఇకు 12, ఎకు 9, ఐకు 9, ఓకు 8, ఎన్, ఆర్, టిలకు తలా 6 ఉంటాయి. క్యూ, జెడ్, జె, ఎక్స్, కెలకు ఒక్కొక్కటే ఉంటుంది. ఇ, ఎ, ఆర్, టి, ఎన్, ఎస్, ఎల్‌లలోంచి నాలుగో ఐదో వచ్చాయంటే ఒకటికి మించి పదాలు ఉండే అవకాశం ఎక్కువని అనుకుని వెతకాలి. ఎ, ఇ, ఎల్, ఎస్, టి అనే ఐదింటిలో ‘స్టేల్’, ‘స్టీల్’ అంటే దొంగిలించడం, ‘లీస్ట్’, ‘టేల్స్’, ‘స్లేట్’ అన్నీ ఉన్నాయి. అదే కె, ఎక్స్ లాంటివి ఉంటే ఒక పదం దొరికాక రెండో దాని కోసం ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు.

ఏర్పడని పదాన్ని గుర్తించే ప్రశ్న

ఈ రకంలో అర్థాలతో పనే లేదు, లెక్క ఒక్కటే కావాలి. టి-ఇ-ఎల్-ఎ-ఎన్-జి-ఎ-ఎన్-ఎ, అంటే తెలంగాణ స్పెల్లింగ్ ఇచ్చి ‘యాంగిల్’, ‘టాంగిల్’, ‘ఏజెంట్’, ‘టాలెంట్’ అనే నాలుగింటిలో ఏర్పడనిది అడిగారనుకుందాం. నాలుగింటిలోనూ ఇచ్చిన పదంలో లేని అక్షరం ఒక్కటీ లేదు. చాలామంది ఇక్కడే తికమకపడతారు. చూడవలసింది అక్షరం ఉందా లేదా అని మాత్రమే కాదు, ఎన్నిసార్లు ఉందో కూడా. తెలంగాణలో ఎ మూడుసార్లు, ఎన్ రెండుసార్లు ఉన్నాయి, మిగతావన్నీ ఒక్కోసారే. ‘టాలెంట్’లో టి రెండుసార్లు కావాలి, కాబట్టి అది ఏర్పడదు. ఇదే కారణంతో ఇ రెండుసార్లు వచ్చే ‘ఎలిగెంట్’ ఏర్పడదు, ఎన్ మూడుసార్లు వచ్చే ‘యాంటెన్నా’ కూడా ఏర్పడదు. అందుచేత ప్రశ్న చదవగానే ఇచ్చిన పదంలో రెండు, మూడుసార్లు వచ్చిన అక్షరాల కింద గీత గీసుకుని, ఆ తర్వాత ఆప్షన్లలో ఏ అక్షరం రెండోసారి వచ్చిందో చూస్తూ పోవడం మేలు. మిర్యాలగూడ స్పెల్లింగ్‌ను ఎమ్-ఐ-ఆర్-వై-ఎ-ఎల్-ఎ-జి-యు-డి-ఎ అని తీసుకుంటే అందులో ‘గ్రాడ్యువల్’ ఏర్పడుతుంది, ‘గ్రాడ్యువల్లీ’ ఏర్పడదు, ఎందుకంటే దానికి రెండు ఎల్‌లు కావాలి. ‘డైరీ’ అంటే రోజువారీ పుస్తకమూ, ‘డెయిరీ’ అంటే పాల కేంద్రమూ రెండూ అవే ఐదు అక్షరాలతో ఏర్పడతాయి.

మనుషుల, ఊళ్ల, దేశాల పేర్లు లెక్కలోకి రావని మరచిపోవద్దు. నల్లగొండ అక్షరాల్లో అంగోలా అనే దేశం పేరు పూర్తిగా ఉంది, అయినా అది జవాబు కాదు. అవే అక్షరాల్లో ‘అనలాగ్’, ‘అలాంగ్’, ‘లాంగ్’, ‘ల్యాండ్’, ‘లోన్’, ‘గోల్’, ‘లోడ్’ అనేవి మాత్రం జవాబులే.

సాధన

మన ఊళ్ల పేర్లతోనే సాధన చేయమని నేను గట్టిగా చెబుతాను. బస్సు బోర్డుల మీదా, రైల్వే స్టేషన్లలోనూ ఇంగ్లిష్ స్పెల్లింగులు ఎప్పుడూ కళ్ల ముందు ఉంటాయి, దేవరకొండ నుంచో కల్వకుర్తి నుంచో వచ్చిపోయే బస్సులో గంట ప్రయాణం వృథా పోదు. ఊరి పేరులో అచ్చులు తక్కువ ఉంటే వెతకడం కష్టమవుతుంది, ఆ కష్టమే మేలు చేస్తుంది. డబ్ల్యు-ఎ-ఎన్-ఎ-పి-ఎ-ఆర్-టి-హెచ్-వై, అంటే వనపర్తిలో ఇ లేనే లేదు. అయినా ‘పార్టీ’, ‘పార్ట్’, ‘ట్రాప్’, ‘పాత్’, ‘వాంట్’, ‘వార్న్’, ‘ర్యాప్’ అంటే చుట్టడం, ‘ప్రే’ అంటే ప్రార్థించడం దొరుకుతాయి. ఇక మహబూబ్‌నగర్ స్పెల్లింగ్ ఎమ్-ఎ-హెచ్-బి-యు-బి-ఎన్-ఎ-జి-ఎ-ఆర్ లో ‘హ్యూమన్’, ‘అర్బన్’, ‘హ్యాంగర్’ అంటే విమానాలు నిలిపే షెడ్డు, ‘బర్న్’, ‘హార్మ్’ లాంటివి చాలా ఉన్నాయి. అన్నిటికంటే మించి, ఒక పదంలోని అక్షరాలను మార్చి మరో పదం కట్టడాన్ని ఇంగ్లిష్‌లో అనగ్రామ్ అంటారు, ఎ-ఎన్-ఎ-జి-ఆర్-ఎ-ఎమ్ అనే ఆ పదమే మూడు ఎలతో సహా మహబూబ్‌నగర్‌లో మొత్తంగా దొరుకుతుంది.

దొరికిన పదాలను రాసుకునే నోటు పుస్తకానికి ఒక క్రమం ఉండాలి. పదంలోని అక్షరాలను ఇంగ్లిష్ అక్షరమాల వరసలో పేర్చి, ఆ పేర్చిన రూపాన్ని శీర్షికగా పెట్టండి. ‘నైట్’ను పేర్చితే జి-హెచ్-ఐ-ఎన్-టి వస్తుంది, ‘థింగ్’ను పేర్చినా అదే వస్తుంది, కాబట్టి రెండూ ఒకే శీర్షిక కింద చేరతాయి. ఇ-ఐ-ఎల్-ఎన్-ఎస్-టి అనే శీర్షిక కింద ‘లిజన్’, ‘సైలెంట్’, ‘ఎన్‌లిస్ట్’ వరసగా కనిపిస్తాయి. ఇలా రాసుకున్న పుస్తకాన్ని కొన్నాళ్లు తిరగేస్తే, పరీక్షలో నాలుగు అక్షరాలు చూడగానే వాటిని వరసలో పేర్చుకుని, ఆ శీర్షిక కింద ఎన్ని పదాలు ఉన్నాయో గుర్తు తెచ్చుకోవచ్చు. పదాల అర్థం కూడా పక్కనే తెలుగులో ఒక్క మాటలో రాయండి. అర్థం తెలియని పదం పరీక్ష హాల్లో గుర్తుకు వచ్చినా దాని మీద నమ్మకం కుదరదు.

అక్షరాలు టైప్ చేస్తే పదాలన్నీ చూపించే సాధనాలు సెల్‌ఫోన్లో చాలా ఉన్నాయి. మీరు వెతకడం పూర్తయ్యాక, మీ జాబితాతో పోల్చుకోవడానికి మాత్రమే వాటిని తెరవండి. అవి నిఘంటువులో ఉన్న అరుదైన పదాలను కూడా చూపిస్తాయి, ఆ పదాలు పరీక్షకు అక్కర్లేదు, వాటిని చూసి కంగారు పడవద్దు. కంప్యూటర్ ఉన్నవారు ఇంగ్లిష్ పదాల జాబితాను ఎక్సెల్ షీటులోకి తెచ్చుకుంటే, వెతికే చోట ప్రశ్నార్థకం గుర్తు ఒక అక్షరానికి బదులుగానూ, నక్షత్రం గుర్తు ఎన్ని అక్షరాలకైనా బదులుగానూ పని చేస్తాయి. ఉదాహరణకు జి-హెచ్-టి ముందు నక్షత్రం పెట్టి, గడిలో ఉన్నదంతా సరిపోవాలనే నిబంధనతో వెతికితే ఆ మూడు అక్షరాలతో ముగిసే పదాలు వస్తాయి. ఆ మూడింటికీ ముందు, వెనుక రెండు వైపులా నక్షత్రం పెడితే పదంలో ఎక్కడైనా వరసగా ఆ మూడూ ఉన్నవన్నీ వస్తాయి. అక్షరాలు వరసగా కాకుండా విడివిడిగా ఎక్కడ ఉన్నా సరే అనుకుంటే, ఫిల్టర్‌లో ఒక అక్షరానికి వెతికి, వచ్చిన జాబితాను వేరే చోటికి కాపీ చేసుకుని, అందులోంచి రెండో అక్షరానికి, ఆ తర్వాత అలాగే మూడో దానికి వడగట్టాలి. ఒక్కో జంట అక్షరాలకు ఇలా దొరికిన పదాల్లో మీకు ఇదివరకే అర్థం తెలిసినవాటిని ఏరి నోటు పుస్తకంలోకి ఎక్కించండి, మిగతావాటిని ఇప్పటికి వదిలేయండి.